నడుస్తున్న వీఎంలని ఆపకుండా కొత్త సర్వర్లకి మార్చొచ్చా?

ప్రశ్న: మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ అండీ. ఆఫీసులో రెండు పాత ఇంటెల్ సర్వర్లు, ఈఎస్ఎక్స్ఐ 6.7 (ఒకే సర్వర్‌లో చాలా వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ట్యాలీ, ఎస్‌క్యూఎల్ డేటాబేస్, డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లు చూసేది) అన్నీ వీఎంలుగానే (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లుగా) ఉన్నాయి. ఇప్పుడు ఏఎండీ ప్రాసెసర్లతో కొత్త సర్వర్లు కొని ఈఎస్ఎక్స్ఐ 8 వేశాం. సీజన్లో ఒక్క నిమిషం కూడా ఆపొద్దంటున్నారు మా ఓనరు గారు. ఈవీసీ ఆన్ చేసి వీమోషన్‌తో (నడుస్తున్న వీఎంని ఆపకుండా వేరే సర్వర్‌కి మార్చే సదుపాయం) మార్చేయొచ్చా?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కుదరదండీ. ఈవీసీ పనిచేసేది ఒకే కంపెనీ ప్రాసెసర్ల మధ్యే, పాత తరానికీ కొత్త తరానికీ తేడా కనపడకుండా చూస్తుంది అంతే. ఇంటెల్ మీద బూట్ అయిన విండోస్ ఆ ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లనే నమ్ముకుని నడుస్తుంటుంది కాబట్టి నడుస్తుండగా ఏఎండీ మీదకి తేలేం, షట్‌డౌన్ చెయ్యాల్సిందే. ఓనరు గారికి ఈ మాట ముందే చెప్పి యార్డు సెలవు రోజు రాత్రి అడగండి. 6.7కి సపోర్టు 2022 అక్టోబర్ 15తోనే అయిపోయింది, ఇంకో సీజన్ దాకా లాగొద్దు.

టైం ఎంత అడగాలంటే, 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద 1 టీబీ కాపీకి రెండున్నర గంటలు పడుతుంది, డిస్కులు నిదానమైతే ఇంకా ఎక్కువే. పాత స్నాప్‌షాట్లుంటే (వీఎం ఒకప్పటి స్థితిని దాచి ఉంచినవి) వాటిని ఆ రాత్రికి పెట్టుకోకుండా ముందే తీసేయండి, అవి అసలు డిస్కులో కలవడానికే గంటలు పట్టొచ్చు.

అసలు జాగ్రత్త ఇక్కడండీ: మైగ్రేట్ ఆప్షన్ వాడితే పని పూర్తయ్యాక పాత చోట కాపీ ఉండదు. అందుకే నేనైతే వీఎం ఆపి, బ్యాకప్ తీసి, కొత్త హోస్ట్ (వీఎంలు నడిపే సర్వర్) మీద రీస్టోర్ చేసి, పాతది అలాగే ఆపి ఉంచమంటాను, తేడా వస్తే వెనక్కి రావడానికి దారుంటుంది. రెండూ ఒకేసారి మాత్రం ఆన్ చెయ్యకండి, ఒకే ఐపీతో గొడవైపోద్ది. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) మారితే దానికి ముడిపెట్టిన లైసెన్సులు ఆగిపోతాయి, స్టాటిక్ ఐపీ (మారకుండా మనం పెట్టుకున్న ఐపీ) కూడా పోవచ్చు, రెండూ ముందే రాసిపెట్టుకోండి.

డొమైన్ కంట్రోలర్‌ని మాత్రం ఇలా మార్చకండి, కొత్త హోస్ట్ మీద కొత్త వీఎం వేసి దాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేసి, రోల్స్ (డొమైన్ ముఖ్య బాధ్యతలు) దానికి అప్పగించి, క్లయింట్లలో (ఆఫీసు కంప్యూటర్లలో) డీఎన్ఎస్ (పేరుని బట్టి సర్వర్‌ని వెతికే సెట్టింగ్) మార్చాక పాతదాన్ని డీమోట్ చెయ్యండి (డొమైన్ కంట్రోలర్ పని నుంచి తప్పించండి), ఇది పగలే చేసుకోవచ్చు. వీఎం హార్డ్‌వేర్ వెర్షన్ (వీఎంకి కనిపించే హార్డ్‌వేర్ తరం) అప్‌గ్రేడ్ అడిగినా అప్పుడే ఒప్పుకోవద్దు, వెర్షన్ పెంచిన వీఎంని 6.7 హోస్ట్ తీసుకోదు. ఒక నెలాఖరు లెక్కలు కొత్తవాటి మీద సాఫీగా నడిచాక పాత సర్వర్లు తుడిచేయండి.