పారాచూట్లు ఉండి కూడా బాంబర్ సిబ్బంది అంతమంది ఎందుకు చనిపోయారు?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ విమానాల్లో వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది తిరిగి రాలేదని చదివాను. పారాచూట్లు ఉన్నాయి కదా, దూకలేకపోయారా? యూరప్‌లో ఉంటున్నవాళ్లు ఎవరైనా ఆ విమానాలు, సమాధులు చూసి ఉంటే చెప్పండి.

జవాబు:

పారాచూట్లు అందరికీ ఉన్నాయి. దూకే దారే సరిగ్గా లేదు. చాలాసార్లు దూకాలని తెలిసేలోపే అంతా అయిపోయేది. రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇంతే. ఓపిక ఉంటే మిగతాది చదవండి.

నేను నెదర్లాండ్స్‌లో అల్మేర్ అనే ఊళ్లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. కానీ ఈ ఊళ్లో ఉంటే ఈ విషయం తప్పించుకోలేం. యుద్ధం నాటికి మా ఊరు లేదు, ఊరున్న చోట నేల కూడా లేదు, అంతా నీళ్లే. తర్వాత గట్లు కట్టి, నీళ్లు తోడి, భూమి చేసుకున్నారు. ఇంగ్లండ్ నుంచి జర్మనీకి వెళ్లే బాంబర్లకు ఇదొక ప్రధాన దారి. జర్మన్లు దారి పొడవునా రాడార్లు పెట్టి, లేవార్డెన్, వెన్లో లాంటి చోట్ల రాత్రిపూట వేటాడే ఫైటర్ విమానాలను కాపు ఉంచారు. దెబ్బతిన్న బాంబర్లు ఎన్నో ఈ నీళ్లలో పడ్డాయి. నీళ్లు తోడేశాక బురదలోంచి బయటపడ్డాయి. మాకు దగ్గర్లోని డ్రోంటెన్‌లో లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్ ప్రొపెల్లర్‌నే స్మారకంగా నిలబెట్టారు.

ముందు లెక్కలు చూద్దాం. బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ విభాగంలో, విమానమెక్కినవాళ్లు సుమారు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573 మంది. నూటికి 44. శిక్షణలో, మామూలు ప్రమాదాల్లో పోయిన 8,000 మంది పైచిలుకు కూడా ఇందులోనే ఉన్నారు. ఇంకో 9,838 మంది జర్మన్లకు ఖైదీలుగా చిక్కారు. ఎగిరినవాళ్లంతా వాలంటీర్లు, ఎవరినీ బలవంతంగా విమానం ఎక్కించలేదు. ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు.

ఒక టూర్ అంటే 30 దాడులు. అవి పూర్తయితే కొంతకాలం విశ్రాంతి. ఒక్కో దాడిలో నూటికి నాలుగు విమానాలు పోతున్నాయని అనుకోండి. "96 శాతం సేఫే కదా" అనిపిస్తుంది. 0.96ను ముప్పైసార్లు గుణించండి, 0.29 వస్తుంది. అంటే పదిమందిలో ముగ్గురు కూడా టూర్ పూర్తి చేయలేరు. నష్టం అయిదు శాతానికి పెరిగితే అయిదుగురిలో ఒక్కడు మిగులుతాడు. పై అధికారులకు నాలుగు శాతం అంటే భరించగలిగే నష్టం. ఆ విమానం ఎక్కే కుర్రాడికి మాత్రం ఆ లెక్క వేరు.

ఇప్పుడు దూకడం సంగతి. దీన్ని నేను పుస్తకాల్లో చదివి కాదు, విమానంలోకి ఎక్కాకే అర్థం చేసుకున్నాను. ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ జిల్లాలో ఈస్ట్ కర్క్‌బీ అనే చిన్న ఊళ్లో, పాత యుద్ధకాలపు రన్‌వే దగ్గర ఒక లాంకాస్టర్‌ను కాపాడుకుంటున్నారు. పేరు 'జస్ట్ జేన్'. నాన్న ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. మ్యూజియం బోర్డులు చదివే అలవాటు లేదు, దేన్నైనా చేత్తో తట్టి చూస్తారు.

తోక దగ్గర కుడివైపు చిన్న తలుపు, దానికో నిచ్చెన. లోపలికి వెళ్లాక ముందుకు నడవాలంటే ఎత్తెక్కాలి, ఎందుకంటే నేలమీద ఉన్నప్పుడు విమానం తోక కిందికి వాలి ఉంటుంది. సగం దూరం వెళ్లాక దారికి అడ్డంగా పెద్ద లోహపు దూలం. రెండు రెక్కలనూ మోసేది అదే. దానికీ పైకప్పుకూ మధ్య ఉన్న సందులోంచి కాలు పైకెత్తి, తల వంచి, పక్కకి దొర్లి దాటాలి. నాకు ప్యాంటు పట్టేసింది. నాన్న మోకాళ్లు ఒప్పుకోక ఇవతలే ఆగిపోయారు. అక్కడినుంచే అరిచారు: "ఒరే, ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందిరా? పల్లెవెలుగు బస్సుకైనా ఉంటుంది కదా!"

ముందు వైపు ఉన్న అయిదుగురికి, అంటే పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, బాంబు వేసే అతను, వీళ్లందరికీ అసలు దారి ఒకటే. విమానం ముక్కు అడుగున ఒక మూత. దాని వెడల్పు 22 అంగుళాలు. బాంబులు వేసే అతను దాని మీదే బోర్లా పడుకుంటాడు. మందపాటి చలి బట్టలు, బూట్లు, ఛాతీకి తగిలించిన పారాచూట్ మూటతో ఆ కంతలోంచి ఒకరి తర్వాత ఒకరు జారాలి. పైలట్ చివర్న. అతను స్టీరింగ్ వదిలితే విమానం గిరగిరా తిరుగుతుంది, అప్పుడు ఎవరూ కూర్చున్నచోటు నుంచి కదల్లేరు. పైకప్పులో కూడా కంతలున్నాయి కానీ అవి నీళ్లమీద దిగినప్పుడు బయటికి రావడానికి. గాల్లో అక్కడినుంచి దూకితే తోకకు కొట్టుకునే ప్రమాదం.

వెనక తోకలో కూర్చునే గన్నర్ పరిస్థితి ఇంకా ఘోరం. అతని గాజు గూట్లో పారాచూట్‌కు చోటు లేదు. దాన్ని వెనక తలుపు అవతల, విమానం లోపల తగిలించి పెట్టేవారు. దెబ్బ తగిలాక అతను గూడును తిన్నగా వెనక్కి తిప్పి, తలుపు తీసి, చెయ్యి చాచి మూట అందుకుని, ఛాతీకి తగిలించుకుని, గూడును మళ్లీ పక్కకి తిప్పి, వెల్లకిలా బయటికి పడాలి. ఆ గూడు తిరిగేది ఇంజిన్ ఇచ్చే హైడ్రాలిక్ పవర్‌తో. ఆ ఇంజిన్ కాలిపోతే చేత్తో తిప్పుకోవాలి. ఇదంతా చీకట్లో, ఇరవై వేల అడుగుల ఎత్తులో, ఆక్సిజన్ పైపు ఊడితే కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పే చోట.

ఇది ఊహ కాదు, లెక్క కట్టిన మనిషి ఉన్నాడు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త అయిన ఫ్రీమన్ డైసన్ 1943లో, పందొమ్మిదేళ్ల వయసులో, బాంబర్ కమాండ్ గణాంకాల విభాగంలో చేరాడు. కూలిన విమానాల్లోంచి ఎంతమంది ప్రాణాలతో బయటపడ్డారో అక్కడ చూశారు. పగటిపూట ఎగిరే అమెరికన్ బాంబర్లలో సగం మంది, పాతరకం హాలిఫాక్స్‌లో నూటికి 25 మంది, కొత్తదీ గొప్పదీ అని పేరున్న లాంకాస్టర్‌లో 15 మంది. హాలిఫాక్స్ మూత లాంకాస్టర్ మూత కన్నా రెండంగుళాలు వెడల్పు. డైసన్ సహోద్యోగి ఒకాయన ఆ మూత పెద్దది చేయమని రెండేళ్లు పోరాడాడు. ఒప్పుకునేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది. డిజైన్ రివ్యూలో "తర్వాత చూద్దాం" అన్న మాట విన్నప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

ఇంకో మాట కూడా డైసన్ రాశాడు. అనుభవం పెరిగేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందని సిబ్బందికి చెప్పేవారు. యుద్ధం చివరి దశలో లెక్కలు తీస్తే అది నిజం కాదని తేలింది. ఇరవై అయిదో దాడికి వెళ్లేవాడూ, అయిదో దాడికి వెళ్లేవాడూ ఒకేలా పోతున్నారు. కారణం కింది నుంచి వచ్చేది. 1943 ఆగస్టు నుంచి జర్మన్ నైట్ ఫైటర్లు పైకి వాలుగా కాల్చే తుపాకులు బిగించుకున్నాయి. దానికి 'ష్రేగె ముజీక్' అని వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. చీకట్లో బాంబర్ కిందికి చేరి, అదే వేగంతో ఎగురుతూ, రెక్కలోని పెట్రోలు ట్యాంకు మీద కాల్చేవారు. బాంబుల గది మీద కాలిస్తే పేలి తామూ పోతారు కదా. లాంకాస్టర్లలో చాలావాటికి పొట్టకింద తుపాకీ లేదు, చూసే కిటికీ కూడా లేదు. తూటాలకు వెలుగు గీత కూడా ఉండేది కాదు. పక్క విమానాల్లోని వాళ్లకు ఉన్నట్టుండి ఒకటి అంటుకోవడం మాత్రమే కనిపించేది. అందుకే చాలాకాలం ఈ సంగతి ఇంగ్లండ్‌లో ఎవరికీ తెలియలేదు. చెప్పాల్సినవాళ్లు తిరిగి రాలేదు మరి.

ఒక్క రాత్రి చాలు ఇదంతా అర్థం కావడానికి. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళ్లాయి. వెన్నెల రాత్రి, విమానాల వెనక తెల్లటి ఆవిరి గీతలు, దానికి తోడు చాలాదూరం వంకర లేని దారి. 95 తిరిగి రాలేదు. ఆ ఒక్క రాత్రి చనిపోయినవాళ్లు 500 దాటారు. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అని సినిమాల్లో చూపించే నాలుగు నెలల పోరులో బ్రిటన్ ఫైటర్ పైలట్లు, సిబ్బంది పోయింది కూడా దాదాపు అంతే. ఈస్ట్ కర్క్‌బీ మ్యూజియం పెట్టిన రైతు అన్నదమ్ముల పెద్దన్న క్రిస్టఫర్ పాంటన్ పోయింది కూడా ఆ రాత్రే. పందొమ్మిదేళ్లు. అన్న గుర్తుగా తమ్ముళ్లు ఆ లాంకాస్టర్‌ను కొని తెచ్చుకున్నారు.

అమెరికన్లకు తక్కువ నష్టం అనుకోకండి. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్, రీగెన్స్‌బర్గ్‌ల మీద 60 బాంబర్లు పోయాయి. అక్టోబరు 14న మళ్లీ ష్వైన్‌ఫుర్ట్ వెళ్తే ఇంకో 60. ఒక్కోదాంట్లో పదిమంది. కాకపోతే పగలు కాబట్టి ఎన్ని పారాచూట్లు తెరుచుకున్నాయో పక్క విమానం వాళ్లు లెక్కపెట్టగలిగేవారు.

సమాధుల గురించి అడిగారు. ఇక్కడ ఎన్నో ఊళ్ల శ్మశానాల్లో ఒక మూల నాలుగో ఏడో తెల్ల రాళ్లుంటాయి, స్థానికులే పూలు పెడతారు. సమాధి దొరకని వాళ్లకోసం లండన్ దగ్గర రన్నీమీడ్‌లో 20,000కు పైగా పేర్లు చెక్కారు. అవి బాంబర్ వాళ్లవే కాదు, వైమానిక దళంలోని అన్ని విభాగాలవీ. ఆ జాబితాలోని కొందరు ఇప్పటికీ దొరుకుతున్నారు. 2008లో మా పక్కనున్న మార్కర్‌మేర్ సరస్సులో పడవ లంగరుకు చిక్కుకుని ఒక విమానం చక్రాల భాగం పైకొచ్చింది. మొదట వేరే స్టిర్లింగ్ బాంబర్ అనుకున్నారు. తర్వాత దొరికిన ఒక సిగరెట్ కేసు మీది అక్షరాలతో అది బీకే 716 అనే నంబరున్న స్టిర్లింగ్ అని తేలింది. బెర్లిన్ వెళ్లి తిరిగొస్తూ 1943 మార్చి 30 తెల్లవారుజామున పడిపోయింది, ఏడుగురూ పోయారు. 2020లో నీళ్లలోంచి పైకి తీశారు. అల్మేర్‌లోనే ఒక పార్కులో వాళ్లకు స్మారకం ఉంది, నేను సైకిల్ మీద అటుగా వెళ్తుంటాను. 2023లో ఐసెల్‌మేర్ సరస్సులోంచి లాంకాస్టర్ ఈడీ 603ని తీశారు. దాని సిబ్బందిలో నలుగురి శవాలు అప్పట్లోనే ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ముగ్గురి కోసమే ఈ వెతుకులాట. డబ్బు డచ్ ప్రభుత్వానిది. పడినవి వాళ్ల దేశపు విమానాలు కావు, అయినా 2019 నుంచి దీనికోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడుపుతున్నారు. ఈ విషయంలో డచ్‌వాళ్లంటే నాకు గౌరవం. మామూలుగా కాఫీకి పిలిచి ఒక్క బిస్కెట్ ఇచ్చే మనుషులు.

కింద ఉన్నవాళ్ల మాట ఎత్తకపోతే తప్పు. 1943 జులై చివర్లో హాంబర్గ్‌లో ఈ బాంబర్లు పెట్టిన మంటల్లో ముప్పై వేలకు పైగా జనం చనిపోయారు, ఎక్కువమంది మామూలు పౌరులు. అందుకే యుద్ధం అయ్యాక బ్రిటన్ నాయకులు ఈ దళం గురించి పెద్దగా మాట్లాడలేదు. లండన్ గ్రీన్ పార్క్‌లో స్మారకం 2012లో గానీ రాలేదు. ఊళ్లను తగలబెట్టాలని నిర్ణయించింది పైవాళ్లు, మూల్యం చెల్లించింది కుర్రాళ్లు. కాబట్టి ఆ విధానాన్ని తప్పుపడుతూనే ఈ కుర్రాళ్ల కోసం బాధపడొచ్చని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు కామెంట్లలో తిట్టండి.

ఈస్ట్ కర్క్‌బీ వెళ్లాలనుకునేవాళ్లకు: లోపలికి ఎక్కే టికెట్లు ముందే బుక్ చేసుకోండి. బిగుతు ప్యాంట్లు, చీరలు వద్దు. పెద్దవాళ్లుంటే ఆ దూలం గురించి ముందే చెప్పండి. లింకన్‌లో ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ కూడా ఉంది, దాని ఉక్కు స్తంభం ఎత్తు సరిగ్గా లాంకాస్టర్ రెక్కల పొడవంత, 31 మీటర్లు. రెండూ ఒకే రోజులో అవుతాయి.

"తెల్లోళ్ల యుద్ధం, మనకెందుకు" అని ఎవరో కింద రాశారు. వాళ్లకోసం ఒక్కటి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో ఒక బాంబర్ దళానికి విమానాలు కొన్నారు. దాని పేరే 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన మొదటి బాంబు దాడికి ముందు నడిచింది ఈ హైదరాబాద్ స్క్వాడ్రనే, అయిదు బ్లెన్‌హైమ్ బాంబర్లతో. అందులో ఒకటి రాలేదు. వెంట వెళ్లిన 107 స్క్వాడ్రన్‌లో అయిదింటికి నాలుగు పోయాయి, ఇంకో దళంలో రెండు వెల్లింగ్టన్ బాంబర్లు. 1942లో 110 స్క్వాడ్రన్‌ను మన వైపే పంపారు, బర్మా యుద్ధానికి. ఆ కథ పెద్దది, ఎవరైనా విడిగా ప్రశ్న వేస్తే రాస్తాను.