కావ్యకు పెదనాన్న ఉత్తరం: పరాయి గడ్డ మీద మన సైన్యం

కావ్యా,

నీ ఎం.ఏ. డిజర్టేషన్ సంగతి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన దేశం బయట సైనిక స్థావరాలు పెట్టుకుంటే లాభమెంత, నష్టమెంత అని రాస్తావట. మనింటి పిల్ల ఇలాంటి విషయం ఎత్తుకుందని మీ పెద్దమ్మకి చెప్పిందే చెబుతున్నాను. కానీ పెట్టుకోవాలనే రాస్తానని ముందే తేల్చేసుకున్నావని విన్నాక టెన్షన్ పట్టుకుంది. ఇంకా చదవకుండానే తీర్పేంటమ్మా?

జీతాలు, రవాణా, అక్కడి ప్రభుత్వం భరించే ఖర్చు, ఇవన్నీ బడ్జెట్ కాగితాల్లో దొరుకుతాయి, నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకినావా గురించి మాత్రం చదువు. జపాన్ భూభాగంలో ఆ దీవి ఒక శాతం కూడా ఉండదు, కానీ ఆ దేశంలో అమెరికా సైన్యానికే ప్రత్యేకంగా ఇచ్చిన స్థలంలో సుమారు 70 శాతం అక్కడే ఉంది. రక్షణ దేశమంతటికీ, అవస్థ ఆ దీవి జనానికి.

నేను పట్టుబట్టేది శ్రీలంక గురించి. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు, వెంటనే సికింద్రాబాద్ నుంచి మా 54వ డివిజన్ బయలుదేరింది. నేనప్పుడు సప్లై కోర్‌లో హవల్దార్‌ని. ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగిస్తారు, శ్రీలంక సైన్యం బ్యారక్‌లకు వెళ్తుంది, మనం మధ్యన నిలబడి చూసుకుంటాం, అంతే అన్నారు. ఉత్తరాన తమిళుల ఊరైన జాఫ్నాలో జనం మాకు దండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి ఆ మిలిటెంట్లలో ముఖ్యమైన ఎల్‌టీటీఈతో యుద్ధం చేస్తున్నది మనమే. 11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో దిగిన 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ కుర్రాళ్ళు 30 మందిలో 29 మంది తిరిగి రాలేదు. పది రోజులకు, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు మన సైనికుల కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్నారని సైన్యం చెప్పింది, అక్కడి తమిళులు ఈనాటికీ ఆ మాట ఒప్పుకోరు. మనవాళ్ళ గురించి ఎంత శ్రద్ధగా రాస్తావో వాళ్ళ గురించీ అంత శ్రద్ధగా రాయాలి, లేదంటే ఆ కాగితాలు నాకు చూపించకు.

లాభమే లేదని నేననను. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవును భారత్‌కు హాని జరిగేలా ఏ దేశ సైన్యాన్నీ వాడుకోనివ్వమని జయవర్ధనే రాసిచ్చాడు, ఆ ఒప్పందం వల్లే అక్కడి ప్రాంతాలకు ప్రావిన్షియల్ కౌన్సిళ్ళూ (మన రాష్ట్రాల అసెంబ్లీల్లాంటివి) వచ్చాయి. అయితే ఇవి తొలి తూటా పేలకముందే కాగితం మీద ఉన్నాయి కదా. తర్వాత ఒక డివిజన్ కాస్తా నాలుగు డివిజన్లు అయినందుకు కొత్తగా దక్కిందేంటో విడిగా లెక్క కట్టు.

నష్టం వైపు రాసుకో. మనల్ని పిలిచిన జయవర్ధనే దిగిపోయాడు. 1989లో అధ్యక్షుడిగా వచ్చిన ప్రేమదాస వెళ్ళిపొమ్మనడమే కాదు, మన మీద పోరాడటానికి ఎల్‌టీటీఈకి ఆయుధాలు కూడా ఇప్పించాడు. 1990 మార్చిలో చివరి దళం వచ్చేసేసరికి సుమారు 1,200 మంది పోయారు. మద్రాసులో దిగినవాళ్ళకు స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని ఎల్‌టీటీఈ చంపేసింది. దీన్ని ఏ పట్టికలో ఏ గడిలో వేస్తావు తల్లీ?

మా రేషన్ కాన్వాయ్‌లో ముందు బండి తోలిన కడప కుర్రాడు ఒకడుండేవాడు, రాగిసంగటి కావాలని వంటవాళ్ళ ప్రాణం తీసేవాడు. మందుపాతర పేలి పోయాడు. వాళ్ళమ్మకి ఉత్తరం నన్నే రాయమన్నారు. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో రాశాను, దేనికోసం పోయాడో రాయాల్సిన చోట ఎంతసేపు కూర్చున్నా వాక్యం కుదరలేదు. నీ డిజర్టేషన్‌లో ఆ వాక్యం ఉండాలన్నదే నా పట్టుదల.

1971లో ఢాకాలో ఆ వాక్యం ఉంది. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మార్చికల్లా మనవాళ్ళు వచ్చేశారు. ఏం జరిగితే పని అయిపోయినట్టో అందరికీ తెలుసు. అందుకే ఏ స్థావరం గురించి రాసినా, పిలిచినవాడు ఓడిపోతే ఎవరి మాట మీద అక్కడ ఉంటాం, వెనక్కి రమ్మనే అధికారం ఎవరిది అని ముందు అడుగు. మాల్దీవుల్లో మనవాళ్ళు వంద మంది కూడా ఉండేవాళ్ళు కాదు, హెలికాప్టర్లు, ఒక విమానం చూసుకునేవాళ్ళు, అదీ 2023లో ఎన్నికల గొడవ అయింది. 2024 మేలో వాళ్ళు వచ్చేసి, బదులుగా సివిలియన్లు వెళ్ళారు.

ఇన్ని చెప్పాక కూడా స్థావరాలు కావాలనే నీకనిపిస్తే అలాగే రాయి, నేను కోప్పడను. కానీ ఒకసారి జాఫ్నా వెళ్ళి నాలుగు రోజులు ఉండి, అక్కడి ముసలివాళ్ళతో మాట్లాడిరా. ఖర్చు నాది. మీ నాన్న ఒక్కదాన్నే పంపనంటాడు, పెద్దమ్మా నేనూ కూడా వస్తాం. పాస్‌పోర్ట్ ఉందో లేదో చెప్పు, హాస్టల్లో రాత్రి అన్నం మానకు.

ఇట్లు,
పెదనాన్న