బొర్రా గుహలు స్టేషన్‌కి పిల్లలతో రైల్లో వెళ్లేవారికి

బొర్రా గుహలు స్టేషన్ ఎలా వచ్చింది, చిన్నపిల్లలతో రైల్లో వెళ్తే అక్కడ సదుపాయాలుంటాయా అని అడిగారు. మాది ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు. చిన్నప్పటి నుంచి ఆ లైన్లో తిరుగుతున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను.

అది టూరిస్టుల కోసం కట్టిన స్టేషన్ కాదండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైన్ వేశారు. మేం కేకే లైన్ అంటాం. మొత్తం 58 సొరంగాలు. ఎస్.కోట దాటాక ఘాట్ ఎక్కుతూ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. మొదట వేసింది ఒకటే లైను, ఇప్పుడు డబ్లింగ్ జరుగుతోంది. ఒకటే లైనంటే ఎదురెదురు బళ్లు తప్పుకోవడానికి కొండల్లో స్టేషన్లు ఉండాల్సిందే. బొర్రా వాటిలో ఒకటి.

అందుకే ఇప్పటికీ అక్కడ గూడ్సులదే రాజ్యం. క్రాసింగ్ పడిందంటే మన బండి ఆగిపోతుంది. ఖనిజం నింపుకున్న గూడ్సు పక్కనుంచి దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన పెట్టెలోకి కొడుతుంది, కిటికీ ఊచల మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. లేటైందని టెన్షన్ పడకండి, ఆ లైన్లో అది మామూలే.

ఉదయం ఏడు లోపే విశాఖలో బయల్దేరే కిరండోల్ బండి ఎక్కండి. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా ఉంది. డిసెంబరు, జనవరిల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టలేం, పిల్లలుంటే రిజర్వేషన్ తప్పనిసరి. పాలు, మందులు ఇంటి నుంచే తీసుకెళ్లండి, పెద్ద స్టేషన్లలో దొరికినట్టు అన్నీ దొరకవు. బొంగు చికెన్ గుహల దగ్గర అమ్ముతారు. గుహల్లో మెట్లు ఎక్కువ, చంటిబిడ్డని ఎత్తుకుని దిగడం కష్టం. చాలామంది అక్కణ్నుంచి జీపులో అరకు వెళ్లిపోతారు. వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడి బళ్లు రద్దవుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. ఆ చుట్టుపక్కల గూడేల వాళ్లకి ఈ బండే ఆధారం. సీతాఫలాల గంపలతో ఎక్కబోయిన ఆడవాళ్లు, గుమ్మంలో ఫొటోలు తీసుకునే గుంపుని దాటలేక కిందే నిలబడిపోవడం నేను కళ్లారా చూశాను. దయచేసి గుమ్మానికి అడ్డంగా నిలబడకండి, గంప పైకి అందుకోండి.