ఇంటర్వ్యూ కటింగ్‌కి డబ్బు తీసుకోని మా మడివాళ అన్న

‘పెద్ద సంపాదన లేకపోయినా నలుగురికీ చేసే మనిషిని మీరు దగ్గరగా చూశారా?’ అని ఒకరు అడిగారు. చూశాను. బెంగళూరు మడివాళలో మా వీధి చివర సెలూన్ నడిపే అన్న. సొంతూరు హిందూపురం దగ్గర. పేరు రాస్తే ఆయనకు నచ్చదు, అందుకే అన్న అనే రాస్తున్నాను.

2011లో కదిరి నుంచి వచ్చి మడివాళలో బస్సు దిగాను. పీజీ హాస్టల్లో ముగ్గురికి ఒక గది. మొదటి ఇంటర్వ్యూ ముందురోజు కటింగ్‌కి వెళ్ళి, మాటల్లో ఆ సంగతి చెప్పాను. లేచి డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంటర్వ్యూ కటింగ్‌కి తీసుకోనప్పా. పని దొరికినాక ఇద్దువులే" అన్నాడు. నన్ను చూసి జాలిపడ్డాడేమో అనుకున్నాను. కాదు, ఆ చుట్టుపక్కల పీజీల్లో ఉన్న కుర్రాళ్ళందరికీ అదే లెక్క. ఖాతా పుస్తకం ఏదీ లేదు. నాకు ఉద్యోగం రావడానికి ఏడు నెలలు, ఐదు కటింగ్‌లు పట్టాయి. మొదటి జీతం రాగానే ఐదింటి డబ్బూ పట్టుకెళ్తే ఒక్కదానికే తీసుకున్నాడు. "ఆ నాలుగు కటింగ్‌లూ పనిచేయలేదు కదప్పా, వాటికెందుకు?"

ఊరెందుకు వదిలాడో ఒకసారి చెప్పాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో డోలు వాయించేవాడట. ఆ డోలు లేనిదే తాళి కట్టించని పెద్దలే, మర్నాడు అదే మనిషిని పసిపిల్లల చేత కూడా ‘ఒరేయ్’ అనిపించేవాళ్ళు. "ఈడ కుర్చీలో కూర్చున్న ప్రతోడూ నన్ను అన్నా అంటాడు. నాకు అది చాలు" అన్నాడు. ఆ మాట విన్నాక ఆయన్ని పిలిచే ప్రతిసారీ నాకు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నట్టు ఉండేది.

వదిన బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేసేది, పొద్దున్నే వెళ్ళిపోయేది. అందుకని ఇద్దరాడపిల్లలూ యూనిఫాంలో నేరుగా షాపుకే వచ్చేవాళ్ళు. చిన్నపిల్లల కటింగ్ కోసం కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క ఉంటుంది చూడండి, దాని మీద చిన్నదాన్ని కూర్చోబెట్టి, తడి దువ్వెనతో పాపిట తీసి, రెండు జడలు గట్టిగా అల్లి, ఎర్ర రిబ్బన్లు మడిచి కట్టేవాడు. పాపిట వెంట్రుకవాసి వంకర పోయినా విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొహం నిండా నురగతో కూర్చున్నవాళ్ళు కూడా కిక్కురుమనేవాళ్ళు కాదు. "కటింగ్ ఆరు నెలల్లో వచ్చింది, జడ మాత్రం రెండేళ్ళు పట్టిందప్పా" అనేవాడు.

2016లో మా నాయనకు క్యాన్సర్ అని తేలింది. కిద్వాయ్ ఆసుపత్రిలో చూపించాం. అనంతపురం, కర్నూలు వైపు నుంచి ఎంతమంది వస్తారో అక్కడి వరండాలో నిలబడితే తెలుస్తుంది, ఎటు తిరిగినా మన మాటే. మొదటి కీమో అయిన మూడో వారానికి దిండు నిండా వెంట్రుకలు. నాయన తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. అన్నకు చెప్పాను. మంగళవారం షాపు సెలవు, ఆ రోజు మేం అద్దెకున్న గదికి వచ్చాడు.

రేజర్ తీస్తాడనుకున్నాను. తీయలేదు. కీమో పడిన ఒంట్లో రక్తకణాలు తగ్గి ఉంటాయి, చిన్న గాటు పడినా ఇన్‌ఫెక్షన్ వస్తుంది, రక్తం తొందరగా ఆగదు, అందుకే మిషన్‌తోనే తీయాలన్నాడు. అప్పుడు అర్థమైంది, కీమో పడినవాళ్ళకు ఆయన ఈ పని చేయడం అది మొదటిసారి కాదని. మిషన్ పళ్ళను స్పిరిట్‌తో తుడిచి, నాయన తలను అరచేతిలో పట్టుకుని, ఈ ఏడాది శనక్కాయ ఎట్లుంది పెద్దాయనా అని మొదలుపెట్టాడు. ఊడలు దిగాయా, వాన ఎప్పుడు పడింది, మూట ఎంత పలికింది. నాయన జవాబులు చెబుతూనే ఉన్నాడు, తల నున్నగా అయిపోయింది. ఎంతివ్వాలని నాయన అడిగితే, "కొండ మీద కల్యాణకట్టలో గుండుకు దుడ్లు తీసుకుంటారా? ఇదీ అంతే" అన్నాడు. నాయన ఆ రాత్రి సంగటి అడిగి తిన్నాడు. రెండేళ్ళ తర్వాత నాయన పోయాడు. అయినా ఆ మంగళవారం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మొదట వినిపించేది శనక్కాయ ముచ్చటే.

2020లో లాక్‌డౌన్‌కి దాదాపు రెండు నెలలు షటర్ దించాల్సి వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం క్షౌరవృత్తివాళ్ళకు 5,000 రూపాయలు ప్రకటించింది. ఆ డబ్బు అందాక అన్న సగం తీసి, షాపులో పనిచేసే ఉత్తరప్రదేశ్ కుర్రాడి చేతిలో పెట్టాడు, వాడి దగ్గర ఇక్కడి కాగితాలేవీ లేవని. అన్ని రోజులూ వాడికి అన్నం కూడా అన్న ఇంట్లోనే. ఇది నాకు చెప్పింది వదిన, కాస్త విసుగ్గా, చాలా గర్వంగా.

పెద్దమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. నేను వైట్‌ఫీల్డ్ వైపు మారిపోయినా కటింగ్‌కి ఇక్కడికే వస్తాను. పోయిన నెల నా వంతు వచ్చి కుర్చీలో కూర్చోబోతుంటే, చేతిలో ఫైల్‌తో ఒక అబ్బాయి తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూస్తున్నాడు. అన్న వాడి వైపు చూసి, "ఎన్ని గంటలకప్పా?" అన్నాడు. పదకొండుకన్నాడు వాడు. అన్న నా వైపు తిరిగేలోపే నేను బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాను.