కామిక్స్ ట్యాబ్‌లో కొనాలా, పుస్తకాలుగా కొనాలా? రెండు రకాలుగానూ పోగొట్టుకున్నవాడి జవాబు

మీ అబ్బాయికి తొమ్మిదేళ్లు, కామిక్స్ అంటే ప్రాణం, ఉండేదేమో రెండు గదుల అద్దె ఇల్లు. పుస్తకాలు కొంటే పెట్టే చోటు లేదు, ట్యాబ్‌లో కొంటే డబ్బు దండగేమో అని మీ అనుమానం. నేను రెండు రకాలుగానూ కొన్నాను. రెండు రకాలుగానూ పోగొట్టుకున్నాను కూడా. అందుకే కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ట్యాబ్‌ను మీవాడి కామిక్ పుస్తకం మీద పెట్టి చూడండి. అమెరికన్ కామిక్ పేజీ దాదాపు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మూల నుంచి మూలకు కొలిస్తే 12 అంగుళాల పైమాటే. టిన్‌టిన్, ఆస్టెరిక్స్ లాంటి యూరప్ ఆల్బమ్‌లు ఇంకా పెద్దవి, 14 అంగుళాలు దాటతాయి. జపాన్ మాంగా సంపుటాలు మాత్రం చిన్నవి, 8 అంగుళాల చిల్లర. మన ఇళ్లలో ఉండే ట్యాబ్‌లు సాధారణంగా 10, 11 అంగుళాలవి. అంటే మాంగా దాంట్లో హాయిగా పడుతుంది, అమెరికన్ కామిక్ కొంచెం ఇరుక్కుంటుంది, టిన్‌టిన్ పేజీ బాగా చిక్కిపోతుంది. ఇక ఫోన్ సంగతి వదిలేయండి. ఫోన్‌లో చదవడానికని కొరియావాళ్లు పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయేలా గీసే వెబ్‌టూన్లు వేరు, పుస్తకం కోసం గీసినవి వేరు.

యాప్‌లలో ఒక్కో బొమ్మనే పెద్దది చేసి వరసగా చూపించే సౌకర్యం ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. కొత్తగా చదివే పిల్లలకు ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మో తికమక పడకుండా అది బాగానే పనికొస్తుంది. కానీ టిన్‌టిన్ గీసిన హెర్జే ఆ కథల్లో చాలావాటిని ముందు వారపత్రికలో పేజీల చొప్పున వేసేవాడు. అందుకని పేజీ చివరి బొమ్మలో ఏదో ఒక కొక్కెం తగిలించి వదిలేవాడు. తలుపు ఎవరో తడుతుంటారు, తెరిచేది అవతలి పేజీలో. కాగితం తిప్పే ఆ అర క్షణం కూడా కథలో భాగమే. ఒక్కో బొమ్మా విడిగా వస్తుంటే అన్ని బొమ్మలకూ ఒకటే బరువు. పక్కపక్క రెండు పేజీలూ కలిపి గీసిన పెద్ద బొమ్మ వచ్చినప్పుడు ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే సగమే కనిపిస్తుంది. అడ్డంగా తిప్పితే అగ్గిపెట్టెంత అవుతుంది.

తెలుగులో చదివించాలని ఉంటే ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన కామిక్స్‌లో మాటల బెలూన్లు ఇంగ్లీషుకు సరిపడా గీసినవి. అదే బెలూన్‌లో మన గుడులు, కొమ్ములు, ఒత్తులు అన్నీ దూర్చాలి కాబట్టి అక్షరం చిన్నదైపోతుంది. దాన్ని మళ్లీ స్కాన్ చేసి ఫోన్‌లో చూస్తే ఒత్తు కింద గీతలో కలిసిపోతుంది. మా అమ్మాయి ఒకసారి ఇలాంటి స్కాన్ చదువుతూ, ‘అమ్మో, వాము! వాము!’ అని గట్టిగా అరిచింది. రాజకుమారి వాముకు ఎందుకంత భయపడుతోందో పాపం దానికి అర్థం కాలేదు. పెద్దది చేసి చూస్తే అది పాము. అలా అని స్కాన్లను తీసిపారేయను. 1947లో మద్రాసులో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. పాత సంచికల్లో వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ఈ కాలం పిల్లలు చూడాలంటే చాలావరకు ఆ స్కాన్లే దిక్కు.

ఇక నా నష్టాల సంగతి. కొన్నేళ్ల కిందట ఒక యాప్‌లో నలభై దాకా కామిక్స్ కొన్నాను. రెండేళ్లలో ఆరు వేల రూపాయల వరకు అయింది. ఆ యాప్ మూతపడుతోందని, ఫలానా తేదీలోపు దించుకోమని మెయిల్ పంపారట. అది నా పాత ఆఫీసు మెయిల్‌కు వెళ్లింది. నేను ఆ ఉద్యోగం మానేసి అప్పటికే ఏడాది. ఇది నా ఒక్కడి ఖర్మ కాదులెండి. జేమాంగా అనే ఆన్‌లైన్ మాంగా దుకాణం 2013 మే నెలాఖరున మూసేసినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా అందులోని పుస్తకాలు మళ్లీ తెరవలేకపోయారు. మనం ‘కొను’ అనే బటన్ నొక్కుతాం గానీ చాలాచోట్ల మనకిచ్చేది చదువుకునే అనుమతి. అద్దె ఇల్లు లాంటిదే, సున్నం మనం వేయించుకున్నా ఇల్లు మనది కాదు. తాళం వేయకుండా పీడీఎఫ్, సీబీజెడ్ ఫైళ్లుగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, దొరికితే వాళ్ల దగ్గరే కొనండి. సీబీజెడ్ అంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల వరసగా బొమ్మలే ఉంటాయి. ఏ యాప్ మూతపడ్డా దానికి ఢోకా లేదు.

‘అందుకే కాగితమే శాశ్వతం’ అంటానని మీరు అనుకుంటే, అదీ కాదు. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు ఊరి మీద పడ్డప్పుడు అమ్మానాన్నలు మేడ మీదికి ఎక్కేశారు. నా కామిక్స్ దాచిన ట్రంకు పెట్టె మాత్రం కింది ఇంట్లో మంచం కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక నేను హైదరాబాద్ నుంచి వెళ్లేసరికి అమ్మకు ఫ్రిజ్ బాధ, నాన్నకు స్కూటర్ బాధ. నా పెట్టె గురించి అడగడానికే సిగ్గేసింది. మూత తీస్తే బురద వాసన గుప్పుమంది. చిత్రం ఏమిటంటే, నిన్నమొన్న కొన్న ఖరీదైన ఆల్బమ్‌లే ముందు పోయాయి. ఆ నున్నటి కాగితానికి మెరుపు కోసం తెల్లమట్టి పూత పూస్తారు. తడిస్తే అదే జిగురై, ఆరాక పుస్తకమంతా ఇటుకలా బిగుసుకుపోయింది. చిన్నప్పటి మామూలు న్యూస్‌ప్రింట్ పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బాయి గానీ, ఫ్యాన్ కింద ఆరబెట్టి ఒక్కో పేజీ విడదీస్తే చదవడానికి వీలైనవి కొన్ని మిగిలాయి. అప్పటి నుంచి మా ఇంట్లో పుస్తకాలు అటక మీద, గోడకు ఆనకుండా, కలరా ఉండలతో ఉంటున్నాయి. ప్లాస్టిక్ కవర్లలో మాత్రం బిగించకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

నా దృష్టిలో అసలు తేడా వేరే చోట ఉంది. ట్యాబ్‌లో ఉన్నదాన్ని మీవాడు పక్కింటి కుర్రాడికి ఇవ్వలేడు. తొమ్మిదేళ్ల వయసులో కామిక్ పుస్తకంతో వచ్చే పెద్ద లాభం, అది క్లాసులో ఒకడికి వెళ్లి వాడి దగ్గరున్న ఇంకోటి మనింటికి రావడమే. ఆ లెక్కన యాభై పుస్తకాలు చదవడానికి పది కొంటే చాలు, చోటు సమస్య కూడా సగం తీరుతుంది. మిగతా సగానికి మేం పుస్తకాలకని ఒకే ఒక్క అర పెట్టుకున్నాం. అది నిండితే కొత్తది రావడానికి పాతది బయటికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉన్నారనుకుంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి మీవాడిని తీసుకెళ్లండి. పాత టింకిల్, అమర్ చిత్ర కథ కుప్పలు తిరగేసి బేరం ఆడనివ్వండి. మా అమ్మాయికి లెక్కలు అక్కడే వచ్చాయి, అతిశయోక్తి కాదు.

ట్యాబ్ దేనికంటే, తెగని సీరియళ్లకు. వన్ పీస్ అనే మాంగా వందో సంపుటం 2021లోనే వచ్చింది, ఇంకా సాగుతూనే ఉంది. అవన్నీ కొని పెడితే మీరు నిలబడి నిద్రపోవాలి. పైగా మాంగా సైజు ట్యాబ్‌కు సరిపోతుందని పైన చెప్పాను. సబ్‌స్క్రిప్షన్ తీసుకుని చదివించండి, మరీ నచ్చిన ఒకటి రెండు సంపుటాలు పుట్టినరోజుకు పుస్తకంగా కొనండి. కళ్ల సంగతి డాక్టర్లు చెప్పాలి. నాకు తెలిసిన ఇబ్బంది మాత్రం కథ మధ్యలో నోటిఫికేషన్ వచ్చి, వేలు దాని మీదికి పోయి, పిల్లాడు వీడియోల్లో తేలడం. అందుకే ముందే డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపేసి చేతికివ్వండి.

అప్పిస్తే పుస్తకాలు తిరిగి రావని భయమా? రావు, నిజమే. 1993 వేసవి సెలవుల్లో తెనాలి నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు నా అమర్ చిత్ర కథలు పదకొండు పట్టుకుపోయి ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ఏ పెళ్లిలో కనిపించినా దెప్పేవాడిని. వరద కబురు విని ఆ దసరాకు వాడు ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో తొమ్మిది ఉన్నాయి. చిన్నప్పటివాటిలో నీళ్లు తగలకుండా మిగిలినవి నాకు అవే. ఒకదాని మొదటి పేజీలో నీలం సిరాతో నా పేరు, దాన్ని కొట్టేసి కింద వాడి పేరు, దాన్నీ కొట్టేసి పెన్సిల్‌తో ఇంకెవరిదో పేరు ఉన్నాయి. ఎవర్రా ఇది అని అడిగితే వాడికీ గుర్తు రాలేదు.