రెండు మీటర్ల తీగ రెట్టింపు సాగినా వికృతి ఎందుకు మారదు?

ఒకే లావున్న రెండు స్టీలు తీగలు, ఒకటి మీటరు, ఇంకోటి రెండు మీటర్లు. ఒకే బరువు వేలాడదీస్తే రెండోది రెట్టింపు సాగుతుంది కదా, మరి వికృతి, అదే స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో చెప్పేది), సమానం అంటారేమిటి అని అడిగారు. ఇంటర్ ఫస్టియర్‌లో నేనూ ఇక్కడే తికమకపడ్డాను. యూనిట్ టెస్టులో వికృతి పక్కన మి.మీ. అని రాసి మార్కు కూడా పోగొట్టుకున్నాను.

నాకిది అర్థమైంది క్లాసులో కాదు, అమ్మ కుట్టుమిషను దగ్గర. 10 సెం.మీ. ఎలాస్టిక్ ముక్క మీద ప్రతి సెంటీమీటరుకీ పెన్నుతో గీత పెట్టి, కింద అమ్మ కత్తెర వేలాడదీశాను. 12 సెం.మీ. అయింది. కొలిచి చూస్తే ఏ ఒక్కచోటో సాగలేదు, ప్రతి గడీ దాదాపు 1.2కి వచ్చింది. తర్వాత 20 సెం.మీ. ముక్కకు అదే కత్తెర కట్టాను. మొత్తం 24 అయింది, కానీ ఒక్కో గడి మళ్లీ అదే 1.2! పై గడైనా కింది గడైనా కత్తెర బరువంతా మోయాల్సిందే. పొడవు పెరిగితే బరువును పంచుకోవడం ఉండదు, సాగే గడులు పెరుగుతాయంతే.

వికృతి చెప్పేది ఆ ఒక్క గడి సంగతి. సాగిన మేరను అసలు పొడవుతో భాగించాలి (12తో కాదు, 10తో). 2/10 అయినా 4/20 అయినా 0.2. పొడవును పొడవుతో భాగించాం కాబట్టి ప్రమాణం ఉండదు. బరువు ఎన్ని రెట్లయితే సాగుదలా అన్ని రెట్లవుతుందనే హుక్ నియమాన్ని ఎలాస్టిక్ కచ్చితంగా పాటించదు గానీ, ఈ విషయానికి అది అడ్డు కాదు.

ఇక మీ స్టీలు తీగలు. మధ్యచ్ఛేద వైశాల్యం (తీగను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం) 1 చ.మి.మీ., బరువు 10 కిలోలు అనుకోండి. యంగ్ గుణకం అంటే చదరపు మీటరుకు పడే బలాన్ని వికృతితో భాగిస్తే వచ్చేది; స్టీలుకు అది సుమారు 2 × 10¹¹ న్యూటన్/మీ², కాబట్టి వికృతి దాదాపు 0.0005. మీటరు తీగ అర మిల్లీమీటరు, రెండు మీటర్లది ఒక మిల్లీమీటరు సాగుతాయి. అంత చిన్న సాగుదల స్కేలుతో ఏం కొలుస్తాం? అందుకే ల్యాబులో తీగ సాగుదల కొలిచే సెర్ల్ పరికరానికి స్పిరిట్ లెవెల్, మైక్రోమీటర్ స్క్రూ ఉంటాయి. నేనైతే ముందు కొంత బరువు వేసి తీగను నిటారుగా చేయకుండానే రీడింగులు మొదలుపెట్టాను. మెలికలు విప్పుకోవడం కూడా సాగుదల లెక్కలోకి వచ్చి గ్రాఫు మొదట్లోనే వంకరపోయింది.

లావు మారితే మాత్రం వికృతి మారుతుంది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది, అదే బరువుకి వికృతి నాలుగింతలు.