తిత్లీ వాన నవంబరులో కనిపిస్తోందా? తేదీలు ఇలా సరిచేయండి

వాన లాగర్ (వాన రీడింగులను దానంతటదే నమోదు చేసే పరికరం) ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే అక్టోబరు నాటి తిత్లీ తుపాను వాన నవంబరులో కనిపిస్తోందని, కొన్ని గడుల్లో -9999 ఉందని అడిగారు. మీ లాగర్‌లో లోపం లేదండీ, తేదీలను తిప్పేసింది ఎక్సెల్. సీఎస్వీ ఫైలు (విలువలను కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) మీద డబుల్ క్లిక్ చేస్తే, అది కంప్యూటర్‌లోని రీజియన్ సెట్టింగ్ ప్రకారం చదువుతుంది. అక్కడ అమెరికా ఉంటే నెల ముందొస్తుంది. అందుకే తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన 11-10-2018 (అక్టోబరు 11) మీ షీటులో నవంబరు 10 అయింది. 12 దాటిన రోజులేమో తేదీలుగా మారక అక్షరాలుగానే ఉండిపోయాయి.

1. లాగర్ నుంచి ఫైలు మళ్లీ కాపీ చేసుకోండి. ఎక్సెల్‌లో సేవ్ చేసినదాన్ని నమ్మొద్దు.

2. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ' నొక్కి ఫైలు ఎంచుకోండి.

3. చాలామంది తప్పేది ఇక్కడే, వెంటనే 'లోడ్' నొక్కేస్తారు. ముందు 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా'లోకి వెళ్లండి. దానంతటదే చేరిన 'ఛేంజ్డ్ టైప్' స్టెప్ తీసేయండి. అది ఉంటే తేదీలు అప్పటికే తిరగబడి ఉంటాయి, తర్వాత ఏం చేసినా లాభం లేదు. ఇప్పుడు తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఛేంజ్ టైప్'లో 'యూజింగ్ లోకేల్' తీసుకోండి (లోకేల్ అంటే ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పేది). రకం డేట్/టైమ్, లోకేల్ ఇంగ్లిష్ (ఇండియా). ఆ తర్వాతే లోడ్.

4. మీరడిగిన -9999 వాన కాదు, రీడింగ్ రాలేదని గుర్తు. ఆ గడులు ఖాళీ చేశాకే మొత్తం కూడండి.

లాగర్‌లో తేదీని 2018-10-11 పద్ధతికి మార్చే వీలుంటే మార్చేయండి. టెక్స్ట్‌గా సార్ట్ చేసినా వరుస తప్పదు.